ఊపిరితిత్తులు గట్టిపడిన మనిషికి కాన్సర్ వస్తే: చికిత్సకు ముందూ, చికిత్సలోనూ చూసుకోవాల్సినవి

పల్మనరీ ఫైబ్రోసిస్ ఉన్న మనిషి స్కాన్‌లో కొత్తగా గడ్డ కనిపించిందంటే ఇంట్లో అందరి చూపూ ఆ గడ్డ మీదే నిలుస్తుంది. ఆపరేషనా, కీమోనా, కరెంటా (రేడియేషనా) అన్న చర్చ ఆ సాయంత్రమే మొదలవుతుంది. అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. గడ్డ లేని మిగతా ఊపిరితిత్తి ఎంత మిగిలి ఉంది? ఏ చికిత్సను ఎంతవరకు తట్టుకుంటుంది?

ఊపిరితిత్తుల గోడలు మచ్చలు కట్టి గట్టిపడే జబ్బులన్నిటినీ కలిపి డాక్టర్లు ఐఎల్‌డీ అంటారు. అందులో ఐపీఎఫ్ అనేది కారణం తెలియకుండా, ఎక్కువగా 60 దాటినవాళ్లకు, పొగ అలవాటున్నవాళ్లకు వచ్చే అరుదైన రకం. ఐపీఎఫ్ ఉన్నవారికి ఊపిరితిత్తుల కాన్సర్ ముప్పు మిగతావాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాన్సర్‌కు చేసే ప్రతి చికిత్సా, అది కత్తి కావచ్చు, కరెంటు కావచ్చు, సెలైన్‌లో ఎక్కించే మందు కావచ్చు, ఈ మచ్చల జబ్బును ఒక్కసారిగా భగ్గుమనిపించగలదు. దీన్నే అక్యూట్ ఎగ్జాసర్బేషన్ అంటారు. నెల లోపల, చాలాసార్లు కొద్దిరోజుల్లోనే, స్కాన్‌లో రెండు వైపులా ఊపిరితిత్తులు తెల్లబడి ఆక్సిజన్ పడిపోతుంది. అలా పడిపోయినవాళ్లలో చాలామంది కోలుకోరు. అందుకే కింద చెప్పేదంతా ఆ ఒక్క ప్రమాదం చుట్టూనే తిరుగుతుంది.

పాత స్కాన్‌లు వెతకండి

మొదటి పని ఇంట్లోనే ఉంది. మూడేళ్ల కింద తీసిన సీటీ సీడీ, పాత ఎక్స్‌రే ఫిల్ములు, ఊదే పరీక్ష రిపోర్టులు, ఏవి దొరికితే అవి బయటకు తీయండి. రిపోర్టు కాగితం ఒక్కటీ సరిపోదు, సీడీ కావాలి. ఫైబ్రోసిస్ ఉన్న ఊపిరితిత్తిలో గడ్డ తరచుగా మచ్చల అంచునే, కింది భాగంలో, పక్కటెముకల దగ్గర మొలుస్తుంది. కొత్త స్కాన్ ఒక్కటే చూస్తే మచ్చ ఎక్కడ ఆగిందో, గడ్డ ఎక్కడ మొదలైందో రేడియాలజిస్టుకైనా చెప్పడం కష్టం. పాతదాని పక్కన పెట్టి చూస్తే మాత్రం పెరిగిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. సీడీ పోయిందంటే స్కాన్ తీసిన సెంటర్‌కు వెళ్లి, పేరు, తేదీ చెప్పి మళ్లీ రాయించుకోండి.

మన జిల్లాల్లో ఇక్కడే నెలలు వృథా అవుతాయి. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో నీడ ఉంటే చాలాచోట్ల వెంటనే టీబీ మందులు మొదలుపెడతారు. టీబీ నిజంగానే ఎక్కువ కాబట్టి అనుమానించడంలో తప్పు లేదు. కానీ కళ్లెలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష చేయకుండా, నెగెటివ్ వచ్చినా వదలకుండా, ఆరు నెలలు మందు మింగించడంలో తప్పుంది. ఆ ఆరు నెలల్లో మొదటి దశ గడ్డ మూడో దశకు చేరవచ్చు. పైగా టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ వల్ల ఫైబ్రోసిస్‌కు వాడే నింటెడానిబ్ ఒంటికి పట్టడం సగానికి పడిపోతుంది. గెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ లాంటి కాన్సర్ బిళ్లల బలం కూడా బాగా తగ్గిస్తుంది. టీబీ మందులు వాడుతుంటే ఆ సంగతి మొదటి రోజే కాన్సర్ డాక్టరుకు చెప్పాలి.

చేసిన పనులు కూడా రాసి పెట్టుకోండి. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్, కటింగ్ చేసినవారికి సిలికా దుమ్ము వల్ల సిలికోసిస్ రావచ్చు. సిలికా స్వయంగా కాన్సర్ కారకం, టీబీ ముప్పునూ పెంచుతుంది. కీళ్లవాతంతో వచ్చే ఐఎల్‌డీ వేరు, పావురాలు, బూజు పట్టిన గడ్డి పడక వచ్చేది వేరు. ఏ రకమో తెలిస్తే తర్వాత మందుల ఎంపిక మారుతుంది. ఆడవాళ్ల విషయంలో ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: అడ్డపొగ అలవాటు ఉందా? నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగే ఈ అలవాటు శ్రీకాకుళం వైపు ముసలివాళ్లలో ఇంకా ఉంది. డాక్టరు అడగడు, ఆమె చెప్పదు.

కొలతలు: ఇవి లేకుండా ఏ చికిత్సకూ సరే అనకండి

స్పైరోమెట్రీ ఒక్కటే చాలదు. ఫైబ్రోసిస్‌లో ఊదే శక్తి బాగానే కనిపిస్తూ, ఆక్సిజన్ రక్తంలోకి చేరే శక్తి సగానికి పడిపోయి ఉండవచ్చు. దాన్ని కొలిచేది డీఎల్‌సీఓ. ఈ పరీక్ష చాలా ఆసుపత్రుల్లో లేదు కాబట్టి విశాఖ వెళ్లే ముందు ఫోన్ చేసి, ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి. హెచ్‌ఆర్‌సీటీ సన్నని ముక్కలుగా, వీలైతే బోర్లా పడుకోబెట్టి కూడా తీయాలి. తేనెపట్టు లాంటి గూళ్లు, అంటే హనీకూంబింగ్, ఉన్నాయో లేదో రిపోర్టులో రాయమని అడగండి. అవి ఉంటే కరెంటు చికిత్సకూ, ఆపరేషన్‌కూ ప్రమాదం పెరుగుతుంది. ఆరు నిమిషాల నడక పరీక్షలో ఎంత దూరం నడిచారన్నది ఎంత ముఖ్యమో, నడుస్తుండగా సేచురేషన్ ఎక్కడికి దిగిందన్నదీ అంతే ముఖ్యం. 88 కంటే కిందికి దిగితే ఆ అంకె ఫైలు మీద పెద్దగా రాసి పెట్టండి.

ఇక కిడ్నీ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల నుంచి వచ్చేవారికి ఇది రెండో జబ్బు కాదు, మూడోది. ఉద్దానంలో బీపీ, షుగర్ ఏమీ లేకుండానే కిడ్నీలు దెబ్బతింటాయి. క్రియాటినిన్ 1.4 అని చూసి కొంచెం ఎక్కువే, పర్లేదు అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 62 ఏళ్లు, 48 కిలోల మగమనిషి. 140లోంచి వయసు తీసేస్తే 78. దాన్ని బరువు 48తో గుణిస్తే 3744. క్రియాటినిన్‌ను 72తో గుణిస్తే 100.8. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 37. ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని మళ్లీ 0.85తో గుణించాలి. ఈ మగమనిషికి మాత్రం కిడ్నీల పనితనం నిమిషానికి 37 మిల్లీలీటర్లే. సన్నగా ఉన్నవాళ్లలో క్రియాటినిన్ ఇలాగే మోసం చేస్తుంది.

ఈ 37తో చాలా తలుపులు మూసుకుంటాయి. సిస్‌ప్లాటిన్ ఇవ్వరు. 45 కంటే తక్కువుంటే పెమెట్రెక్సెడ్ వాడరు. కార్బోప్లాటిన్ ఇవ్వవచ్చు, కానీ డోసు కిడ్నీ లెక్క మీదే నడుస్తుంది: కిడ్నీ అంకెకు 25 కలిపి ఏయూసీతో, అంటే డాక్టరు ఎంచుకునే మోతాదు అంకెతో గుణించాలి. ఏయూసీ 5 అయితే 62 ఇంటూ 5, అంటే 310 మి.గ్రా. కిడ్నీ చూడకుండా మామూలు మనిషికి వేసే 450 ఎక్కిస్తే రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్ వచ్చి, ఆ ఇన్ఫెక్షనే ఫైబ్రోసిస్‌ను రగిలిస్తుంది. కాంట్రాస్ట్ ఇచ్చి స్కాన్ తీసేముందు కూడా ఈ అంకె చూపించండి. నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేస్తామని ఎవరన్నా వద్దనండి.

ముక్క పరీక్ష, దశ తేల్చడం

పెట్ స్కాన్‌లో వెలిగిందల్లా కాన్సర్ కాదు. మచ్చలు కట్టిన చోటూ వెలుగుతుంది, ఛాతీ మధ్యలోని గ్రంథులు ఫైబ్రోసిస్ వల్లే ఉబ్బి ఉంటాయి. గ్రంథుల్లోకి పాకింది, మూడో దశ, ఆపరేషన్ కుదరదు అని స్కాన్ చూసి తేల్చేస్తే, మొదటి దశలో ఉన్న మనిషికి నయమయ్యే అవకాశం చేజారిపోతుంది. ఈబస్ అనే గొట్టంతో గ్రంథి నుంచి ముక్క తీసి చూశాకే ఆ మాట నమ్మండి.

గడ్డ నుంచి ముక్క ఎలా తీయాలన్నది దాని చోటును బట్టి ఉంటుంది. బయట నుంచి సూది వేస్తే గాలి లీకై ఊపిరితిత్తి ముడుచుకోవచ్చు. మామూలు మనిషి తట్టుకునే లీకే వీళ్లను వెంటిలేటర్ దాకా తీసుకెళ్లగలదు, అందుకే సూది పరీక్ష ఛాతీ ట్యూబు వేయగల చోటే చేయించాలి. గడ్డ కోసం ఎలాగూ గొట్టం వేస్తున్నాం కదా, పనిలో పనిగా ఫైబ్రోసిస్ ముక్క కూడా తీసేద్దామంటే ఒప్పుకోకండి. సీటీలో గూళ్లు స్పష్టంగా ఉంటే ఐపీఎఫ్ నిర్ధారణకు ముక్క అక్కర్లేదు. ముక్క తీయడం మరీ ప్రమాదమైతే, గడ్డ పెరుగుతోందని వరుస స్కాన్‌లు చెబుతుంటే, నిపుణులంతా కూర్చుని ముక్క లేకుండానే కరెంటు ఇవ్వాలని నిర్ణయించే సందర్భాలూ ఉంటాయి.

ఆపరేషనా, కరెంటా

ఈ నిర్ణయం ఒక్క డాక్టరుది కాకూడదు. ఛాతీ డాక్టరు, కాన్సర్ డాక్టరు, సర్జన్, రేడియాలజిస్టు కలిసి తీసుకోవాలి, దాన్నే ట్యూమర్ బోర్డు అంటారు. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ కిందే నడుస్తుంది. శ్రీకాకుళం నుంచి వచ్చేవారికి అది నగరం దాటి అవతలి వైపు ఉంటుంది, పొద్దున్నే చేరాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి. వెళ్లినప్పుడు సూటిగా అడగండి: "డాక్టరుగారూ, మా నాన్నకు ఐఎల్‌డీ ఉంది. ఛాతీ డాక్టరుగారు కూడా ఉన్న బోర్డులో కేసు పెడతారా?"

ఆపరేషన్ కుదురుతుందా అన్నదానికి ఒక లెక్క ఉంది. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 భాగాలు. కుడి పై తమ్మెలో (ఖండంలో) 3, మధ్యలో 2, కింద 5. ఎడమ పైన 5, కింద 4. డీఎల్‌సీఓ 45 శాతం ఉన్న మనిషికి కుడి కింది తమ్మె తీస్తే 19లో 14 భాగాలు మిగులుతాయి, అంటే 45 కాస్తా 33 అవుతుంది. మిగిలేది 60 పైన ఉంటే ముందుకెళ్లవచ్చు. 30కీ 60కీ మధ్య ఉంటే మెట్ల పరీక్ష చేస్తారు. ఆగకుండా 22 మీటర్ల ఎత్తు, అంటే సుమారు 130 మెట్లు ఎక్కగలిగితే మంచిది. ఇది ఆసుపత్రిలో, పక్కన మనిషి, వేలికి ఆక్సీమీటర్ ఉండగా చేసేదే తప్ప ఇంటి మెట్ల మీద ప్రయత్నించేది కాదు. 30 కంటే తక్కువైతే సైకిల్ మీద చేసే కార్డియోపల్మనరీ పరీక్ష లేకుండా కత్తి పట్టరాదు.

అంకెలు బాగున్నా ఎగ్జాసర్బేషన్ భయం ఉంటుంది. జపాన్‌లో ఐఎల్‌డీ ఉండగా కాన్సర్ ఆపరేషన్ జరిగిన 1763 మందిని చూస్తే 9.3 శాతం మందికి అది వచ్చింది, వచ్చినవారిలో 43.9 శాతం చనిపోయారు. మగవాళ్లు, ముందే ఒకసారి భగ్గుమన్నవాళ్లు, స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు, సీటీలో యూఐపీ అనే ఫైబ్రోసిస్ తీరు కనిపించినవాళ్లు, ఊదే శక్తి 80 శాతం లోపున్నవాళ్లు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు. అన్నిటికంటే బలంగా పనిచేసింది ఎంత కోశారన్నది. చిన్న ముక్క మాత్రమే తీసే వెడ్జ్‌లో ప్రమాదం తక్కువ. తమ్మె మొత్తం తీస్తే కాన్సర్ తిరిగొచ్చే అవకాశం తగ్గేమాట నిజమే. అయినా డీఎల్‌సీఓ తక్కువున్న మనిషికి చిన్న ఆపరేషనే సరైనదని మా అభిప్రాయం. మత్తు డాక్టరుకు ఐఎల్‌డీ సంగతి విడిగా చెప్పాలి. ఆపరేషన్ బల్ల మీద ఎక్కువ ఒత్తిడితో గాలి, అవసరానికి మించిన ఆక్సిజన్, ఎక్కువ సెలైన్, ఈ మూడూ ఆ రాత్రికో మర్నాటికో ఊపిరితిత్తిని దెబ్బకొడతాయి.

ఆపరేషన్ కుదరని చిన్న గడ్డకు ఎస్‌బీఆర్‌టీ అనే గురిపెట్టిన కరెంటు ఉంది. ఐఎల్‌డీ ఉన్నవారి మీదే ప్రత్యేకంగా జరిగిన ఒక అధ్యయనంలో 39 మందికి రోజు విడిచి రోజు, 5 విడతల్లో మొత్తం 50 గ్రే (కరెంటు మోతాదు కొలత) ఇచ్చారు. గడ్డ ఎక్కువమందిలో అదుపులోకి వచ్చింది. అయితే ముగ్గురు చికిత్స వల్లే చనిపోయారు, అంటే 7.7 శాతం. మామూలు మనిషికి ఇది సురక్షితమైన చికిత్స అని చెప్పే మాటను వీళ్లకు అలాగే వర్తింపజేయకూడదు. నెలన్నర పాటు రోజూ ఇచ్చే పెద్ద కరెంటు, దానితోపాటే కీమో అనేది, రెండు వైపులా గూళ్లు కట్టిన ఊపిరితిత్తికి సాధారణంగా వద్దు. మరీ చిన్న గడ్డ, మరీ బలహీనమైన ఊపిరితిత్తి అయితే మూడు నెలలకోసారి స్కాన్ తీస్తూ ఆగడం కూడా వైద్యమే. ఆ మాట చెప్పిన డాక్టరును వదిలేసి వేరేచోటికి పరుగెత్తకండి.

మందులు

ముదిరిన దశలో, స్మాల్ సెల్ కాని రకమైతే, ఐఎల్‌డీ ఉన్నవారికి ఎక్కువ అనుభవం ఉన్న జోడీ కార్బోప్లాటిన్‌తో పాటు వారం వారం ఇచ్చే నాబ్-పాక్లిటాక్సెల్. మామూలుగా వాడే జెమ్‌సిటాబిన్, డోసెటాక్సెల్, ఇరినోటెకాన్ ఊపిరితిత్తిని రగిలించే మందులుగా పేరుపడ్డవి. చీటీలో ఆ పేర్లు కనిపిస్తే, ఐఎల్‌డీ ఉందని తెలిసే రాశారా అని అడగండి. ఈ ప్రశ్నకు మంచి డాక్టరెవరూ చిరాకుపడరు.

ఈజీఎఫ్‌ఆర్ పాజిటివ్ అని, అంటే గడ్డలో ఆ జన్యు మార్పు ఉందని రిపోర్టు వస్తే ఇంట్లో సంబరపడతారు, కీమో తప్పింది, బిళ్లలతో సరి అని. ఇక్కడ జాగ్రత్త. 2002లో జపాన్‌లో గెఫిటినిబ్ మార్కెట్‌లోకి వచ్చిన కొద్ది నెలల్లోనే ఊపిరితిత్తుల వాపుతో మరణాలు బయటపడ్డాయి. ముందే ఫైబ్రోసిస్ ఉన్నవారికే ప్రమాదం ఎక్కువని తేలింది. మొదటి నాలుగు వారాలు గండం. బిళ్లే కదా అని ఇచ్ఛాపురంలోనో సాలూరులోనో ఇంట్లో కూర్చుని మొదలుపెట్టకండి. ఆ నెల ఆసుపత్రికి గంటలో చేరగల చోట ఉండాలి, రెండు వారాలకోసారి ఎక్స్‌రే, సేచురేషన్ చూపించుకోవాలి.

ఒంటి రోగనిరోధక శక్తినే కాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ గురించి ఆశ ఎక్కువ. ఐఎల్‌డీ ఉన్నవారిలో అటెజోలిజుమాబ్‌ను పరీక్షించిన ఒక జపాన్ ట్రయల్‌ను 17 మంది దగ్గరే ఆపేయాల్సి వచ్చింది, ఎందుకంటే వారిలో నలుగురికి తీవ్రమైన న్యూమోనైటిస్ (ఊపిరితిత్తుల వాపు) వచ్చింది. గూళ్లు లేని, నిలకడగా ఉన్న స్వల్ప ఫైబ్రోసిస్‌లో ఆలోచించవచ్చేమో గానీ, అప్పుచేసి, పొలం అమ్మి వేయించే మందు మాత్రం ఇది కాదు.

ఫైబ్రోసిస్ మందు ఆపవద్దు

కాన్సర్ మొదలయ్యాక పాత మందు ఎందుకని చాలామంది ఆపేస్తారు. ఆపితే తడి పోయిన చేనులా ఊపిరితిత్తి త్వరగా బీడైపోతుంది. పిర్ఫెనిడోన్‌ను 200 మి.గ్రా. రోజుకు మూడుసార్లతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ, పూటకు 600 నుంచి 800 మి.గ్రా. వరకు తీసుకెళ్తారు. అన్నం మధ్యలో మింగాలి. పొద్దున్న చోడి అంబలి ఒక గ్లాసు తాగి మింగితే కడుపులో తిప్పుతుంది, గట్టి తిండి ఉండాలి. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది, పొలం పని, వేట ఉన్నవారు నిండు చేతుల చొక్కా, తలకు తువ్వాలు వేసుకోవాలి. చుట్ట మానకపోతే ఈ మందు రక్తంలో సగానికి పడిపోతుంది. విరేచనాలకు ఆర్‌ఎంపీ దగ్గర సిప్రోఫ్లాక్ససిన్ వేయించుకుంటే రక్తంలో అదే మందు పెరిగిపోతుంది.

నింటెడానిబ్ 150 మి.గ్రా. పూటకొకటి, రోజుకు రెండు. విరేచనాలు మొదలైన రోజే లోపెరమైడ్, ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి, తగ్గకపోతే డాక్టరు 100కి తగ్గిస్తారు. నీరు పోతే ఉద్దానం కిడ్నీకి అది రెండో దెబ్బ. రక్తస్రావం ముప్పు ఉంటుంది కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయమవగానే సర్జన్‌కు చెప్పి, ఎప్పుడు ఆపాలో రాయించుకోండి. నింటెడానిబ్‌కు మొదటి మూడు నెలలు, పిర్ఫెనిడోన్‌కు మొదటి ఆరు నెలలు నెలకోసారి, తర్వాత రెండిటికీ మూడు నెలలకోసారి లివర్ పరీక్ష. ఐపీఎఫ్‌కు ఏళ్లతరబడి స్టెరాయిడ్, అజాథయోప్రిన్ వాడటం మేలు చేయకపోగా మరణాలు పెంచుతుందని 2012లోనే తేలింది. ఆయాసం తగ్గుతుందని ఊళ్లో వేసే డెక్సా ఇంజెక్షన్లకు అలవాటు పడకండి.

ఇంట్లో నిఘా

పల్స్ ఆక్సీమీటర్ కొనండి. పొద్దున్నే ఐదు నిమిషాలు కూర్చున్నాక, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు, గోరింటాకు, రంగు లేని వేలికి పెట్టి, ఒక నిమిషం ఆగి అంకె రాయండి. తర్వాత వాకిట్లో ఒక నిమిషం నడిపించి మళ్లీ రాయండి. చుట్ట తాగిన వెంటనే చూస్తే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వల్ల అంకె దొంగగా ఎక్కువ చూపిస్తుంది. రోజూ ఉండే అంకె కంటే 4 తగ్గి, మర్నాటికీ అలాగే ఉంటే డాక్టరుకు ఫోన్ చేయండి. కూర్చున్నప్పుడే 88 కిందికి పోతే అదే రోజు ఆసుపత్రి. పొడి దగ్గు కొత్తగా పెరగడం, నాలుగడుగులకే ఆగాల్సి రావడం, 100.4 దాటిన జ్వరం, ఇవి రాత్రి పూట వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు. సాధారణ జలుబు, నెమ్ము అనుకుని మూడు రోజులు యాంటీబయాటిక్ వాడి చూడటం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. మందు వల్ల వచ్చిన వాపైతే ఆ మందు ఆపి స్టెరాయిడ్ మొదలుపెట్టడంలో ఒక్కో రోజూ విలువైనదే.

జేబులో ఒక చీటీ ఉండాలి. ఐఎల్‌డీ ఉంది, ఫలానా కాన్సర్, చివరి కీమో ఫలానా తేదీన ఫలానా మందు, మామూలు సేచురేషన్ ఇంత, కిడ్నీ అంకె ఇంత. 108 వచ్చినప్పుడు ఎవరు తోడెళ్లినా ఆ చీటీ అందించాలి. స్టెరాయిడ్ (ప్రెడ్నిసొలోన్ లెక్కన) రోజుకు 20 మి.గ్రా. పైన నెలకు మించి సాగితే న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రిమాక్సజోల్ అవసరమా అని అడగండి. ఏటా వేసే ఫ్లూ టీకానూ, న్యుమోకాకల్ టీకానూ కీమోకు ముందే వేయిస్తే మంచిది.

ఆక్సిజన్ మీద ఉన్నవారికి ప్రయాణం లెక్క: 1.5 క్యూబిక్ మీటర్ల బి టైప్ సిలిండర్‌లో దాదాపు 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లయితే పన్నెండు గంటలు, 4 అయితే ఆరు గంటలు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ వెళ్లి, ఓపీలో కూర్చుని, తిరిగి రావాలంటే 4 లీటర్ల మనిషికి ఒక సిలిండర్ చాలదు. ఇంట్లో కాన్సంట్రేటర్ ఉన్నా నిండు సిలిండర్ ఒకటి పక్కన ఉండాల్సిందే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు వచ్చేలోపు సిలిండర్ నింపించి, రెగ్యులేటర్ వాషర్ సరిచూసుకోండి. సిలిండర్ ఉన్న గదిలో దీపం, చుట్ట, పొయ్యి ఏవీ వద్దు.

ఆయాసం మందులకు లొంగని దశలో చిన్న మోతాదు మార్ఫిన్ ఊరటనిస్తుంది. సాధారణంగా 2.5 నుంచి 5 మి.గ్రా. నాలుగు గంటలకోసారి మొదలుపెడతారు, మొదటి రోజు నుంచే మలబద్ధకానికి మందు తోడుండాలి. కిడ్నీ పాడైనవారిలో మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోయి మగత, ఊపిరి మందగించడం వస్తాయి, వారికి ఫెంటానిల్ లాంటివి చూస్తారు. వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది మనిషి తెలివిగా, కూర్చుని మాట్లాడగలిగినప్పుడే ఆయన్నే అడగండి. ఎగ్జాసర్బేషన్‌లో వెంటిలేటర్ ఎక్కిన ఐపీఎఫ్ మనిషి తిరిగి లేచి రావడం అరుదని డాక్టరు చేత ముందే చెప్పించండి. ఆయన చెప్పిన మాట తేదీ వేసి, జేబులోని చీటీ వెనకవైపు రాసి పెట్టండి.